అమెరికా రైల్‌రోడ్‌లో జాబ్ ఇన్సూరెన్స్: మనవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

ఇక్కడ గూడ్సు బళ్ల మీద కండక్టర్లుగా, ఇంజనీర్లుగా చేరే తెలుగువాళ్లు మరీ ఎక్కువేం లేరు గానీ ఉన్నారు, ఈ మధ్య కొత్తగా వస్తున్నారు కూడా. ఇంజనీర్ అంటే మన దగ్గర లోకో పైలట్ అన్నమాట, కండక్టర్ అంటే మన గార్డు లాంటివాడు. నేనూ ఇంజనీర్నే, దాంతో పాటు యూనియన్‌లో లోకల్ చైర్మన్‌ని, అంటే ఎవరి మీదైనా కంపెనీ చార్జ్ పెడితే హియరింగ్‌లో, అంటే కంపెనీ జరిపే విచారణలో, పక్కన కూర్చుని వాదించేది నేనే. ఆ కుర్చీలోంచి చూస్తే ఒకటి బాగా అర్థమవుతుంది: ఈ జాబ్ ఇన్సూరెన్స్ ఫండ్ డబ్బులు రాకుండా పోయే కేసుల్లో పెద్ద పెద్ద కారణాలేం ఉండవు, చాలాసార్లు కాగితం దగ్గరే పోతుంది.

ముందు ఇదేంటో తెలియనివాళ్లకి ఒక్క ముక్క. డ్యూటీలో పొరపాటున రూల్ తప్పి కంపెనీ మనల్ని సస్పెండ్ చేసినా, తీసేసినా, ఇంట్లో కూర్చున్న రోజులకి రోజుకింత అని ఇచ్చే మెంబర్ల ఫండ్ ఇది. కొత్తగా పుట్టిన వ్యాపారం కాదు, లోకోమోటివ్ ఇంజనీర్స్ అండ్ కండక్టర్స్ మ్యూచువల్ ప్రొటెక్టివ్ అసోసియేషన్ 1910 నుంచి ఉంది, బ్రదర్‌హుడ్స్ రిలీఫ్ అండ్ కాంపెన్సేషన్ ఫండ్ 1912 నుంచి ఉంది. నేను ఏ ఫండ్‌కీ ఏజెంట్‌ని కాను, ఎందులో చేరాలో చెప్పను, అడక్కండి.

అపోహ: సస్పెండ్ చేస్తే సగం జీతం ఎలాగూ వస్తుంది కదా, ఇంక ఈ ఫండ్ ఎందుకు?

ఈ మాట ఇండియన్ రైల్వేస్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ అంటారు, వాళ్ల తప్పు కాదు, అక్కడ నిజంగానే అలా ఉంది. మా మేనమామ బెజవాడలో లోకో సైడే చేసేవాడు, సస్పెన్షన్ అంటే ఆ ఇంట్లో కంగారు ఉండేది గానీ పొయ్యి ఆరేది కాదు. రైల్వే కోడ్‌లో 1342 రూల్ ప్రకారం హాఫ్ పే లీవ్ జీతంతో సమానంగా సబ్సిస్టెన్స్ అలవెన్స్ ఇస్తారు, దాని మీద డీఏ కూడా ఉంటుంది, మూడు నెలలు దాటాక ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే ఆ అలవెన్స్‌ని ఇంకో 50 శాతం దాకా పెంచొచ్చు, ఉద్యోగి వల్లే ఆలస్యమైతే 50 శాతం దాకా తగ్గించొచ్చు. క్వార్టర్ ఉంటుంది, రైల్వే హాస్పిటల్ ఉంటుంది.

ఇక్కడ అదేం లేదు. హియరింగ్ తేలేదాకా సర్వీస్‌లోంచి పక్కన పెట్టారంటే ఆ రోజు నుంచి జీతం సున్నా. హియరింగ్‌లో మన తప్పేం లేదని తేలితే పోయిన రోజుల జీతం కాంట్రాక్ట్ ప్రకారం తర్వాత ఇస్తారు, అదీ తేలితేనే. ఇంటి మార్ట్‌గేజ్ వాడు మాత్రం హియరింగ్ అయ్యేదాకా ఆగడు. అందుకే వందేళ్లకి ముందే ఇక్కడి రైలు పనివాళ్లు తమలో తాము డబ్బులు వేసుకుని ఈ ఫండ్లు పెట్టుకున్నారు.

అపోహ: యూనియన్ డ్యూస్ కడుతున్నాం, అందులోనే ఇదీ ఉంటుంది.

ఉండదు. యూనియన్ డ్యూస్ వేరు, ఫండ్ డ్యూస్ వేరు. యూనియన్ షాప్ కాంట్రాక్ట్ ఉన్న చోట చేరిన 60 రోజుల తర్వాత యూనియన్ డ్యూస్ కట్టక తప్పదు, రైల్వే లేబర్ యాక్ట్‌కి 1951లో చేసిన సవరణతో వచ్చింది అది. దానికి బదులుగా వచ్చేది కాంట్రాక్ట్, హియరింగ్‌లో మనిషి, ఆ తర్వాత అప్పీళ్లు. జాబ్ ఇన్సూరెన్స్ మీ ఇష్టం, మీరే ఫారం నింపాలి, బెనిఫిట్ ఎంత కావాలో మీరే ఎంచుకోవాలి. కొన్ని యూనియన్లు సొంతంగా ఇలాంటి ప్లాన్ నడుపుతాయి, దానికీ విడిగా చేరాల్సిందే.

అపోహ: కారణం ఏదైనా సరే, ఇంట్లో కూర్చోబెడితే ఫండ్ ఇస్తుంది.

ఇదే అన్నిటికంటే ఖరీదైన అపోహ. ఫండ్ ఉన్నది పొరపాట్ల కోసం. స్విచ్, అంటే బండిని పట్టా మార్చే పాయింట్, సరిగ్గా ఉందో లేదో చూసుకోకుండా దాని మీంచి బోగీలు లాగేశారు, వెనక్కి నెట్టేటప్పుడు చివర బోగీ ముందు ట్రాక్ ఖాళీగా ఉందని చూసే మనిషి లేకుండా నెట్టారు, హ్యాండ్ బ్రేకులు కట్టాల్సినన్ని కట్టలేదు, స్పీడ్ దాటింది, ఇలాంటివి. తాగి డ్యూటీకొచ్చినా, డ్రగ్ టెస్ట్‌లో దొరికినా, మేం రూల్ జీ అంటాం దీన్ని, సాధారణంగా ఏ ఫండూ పైసా ఇవ్వదు. దొంగతనం, కొట్లాట, ఆఫీసర్ మాట వినననడం, ఇవీ అంతే. డ్యూటీకి రమ్మని కాల్ వస్తే ఎత్తకపోవడం, ఎక్కువగా మార్క్ ఆఫ్ అవడం అంటే డ్యూటీకి రానని చెప్పడం, అటెండెన్స్ పాయింట్లు అయిపోవడం, కుర్రాళ్లు ఎక్కువగా బయటకి పోయేది వీటివల్లే, వీటికి కూడా మామూలుగా డబ్బు రాదు. ఫండ్ ఫండ్‌కీ లిస్టు మారుతుంది కాబట్టి చేరే ముందు ఆ పేజీ ఒక్కటైనా చదవండి, బ్రోషర్ కాదు, అసలు నిబంధనల పుస్తకం.

ఫోన్ సంగతి విడిగా చెప్పాలి. 2008 సెప్టెంబర్ 12న లాస్ ఏంజెలిస్ దగ్గర చాట్స్‌వర్త్‌లో ప్యాసింజర్ బండి, గూడ్సు బండి ఎదురెదురుగా గుద్దుకుని 25 మంది పోయారు, ఆ ప్యాసింజర్ బండి ఇంజనీర్ డ్యూటీలో ఉండి టెక్స్ట్ మెసేజ్‌లు పంపుతున్నాడని తేలింది. మర్నెలలోనే ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ ఎమర్జెన్సీ ఆర్డర్ తెచ్చింది, తర్వాత అదే రెగ్యులేషన్ అయింది. ఇప్పుడు చాలా ఇంజన్లలో లోపలికి చూసే కెమెరా ఉంటుంది, జేబులో ఫోన్ ఆన్‌లో ఉన్నా కేసే. "పొరపాటున తీశానండీ" అని ఫోన్ కేసులో చెప్తే నమ్మడం ఎవరికైనా కష్టం. మీ ఫండ్ ఫోన్ కేసుల గురించి ఏం రాసిందో ముందే చూసి పెట్టుకోండి.

అపోహ: హియరింగ్ ఎందుకు, వేవర్ మీద సైన్ చేస్తే త్వరగా అయిపోతుంది, ఎలాగూ ఫండ్ ఉందిగా.

ట్రైన్‌మాస్టర్, అంటే మన మీది ఆఫీసర్, నవ్వుతూ పిలుస్తాడు, కాఫీ కూడా ఇస్తాడు, టేబుల్ మీద ఒక్క పేజీ కాగితం. తప్పు ఒప్పుకుంటున్నాను, హియరింగ్ వద్దు, ఈ శిక్షకి సరే అని ఉంటుంది. సైన్ చేస్తే ఇన్ని రోజులే, హియరింగ్‌కి వెళితే ఎక్కువ పడొచ్చు అంటాడు. చాలాసార్లు ఆ మాటలో నిజం కూడా ఉంటుంది, వేవర్ అన్నిసార్లూ తప్పేం కాదు, నేనే కొందరికి తీసుకోమని చెప్పాను. కానీ సైన్ చేశాక అప్పీల్ ఉండదు, రికార్డులో అది మీ మీద నిలబడిపోతుంది, ఇంకోసారి ఏదైనా జరిగితే శిక్ష ఒక మెట్టు పైనుంచే మొదలవుతుంది. ఫండ్ విషయానికొస్తే వేవర్ తీసుకున్న రోజులకి ఎంత ఇస్తారు, ఏ కాగితం అడుగుతారు అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కాబట్టి ఆ కాగితం ఫొటో తీసుకోండి, బయటకి రండి, లోకల్ చైర్మన్‌కి ఫోన్ చెయ్యండి, తర్వాత ఫండ్ ఆఫీసుకి చెయ్యండి, సైన్ ఆ తర్వాత చూద్దాం. కాఫీ తాగొచ్చు.

హియరింగ్‌కి వెళ్లినా ఇంకో సంగతి ఉంది. అక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది, ట్రాన్స్‌క్రిప్ట్ అవుతుంది, ఫండ్‌వాళ్లు క్లెయిమ్ చూసేటప్పుడు చార్జ్ లెటరూ ఆ ట్రాన్స్‌క్రిప్టూ డిసిప్లిన్ లెటరూ ముందు పెట్టుకునే చూస్తారు. ఈవెంట్ రికార్డర్ ప్రింట్ ఎదురుగా పెట్టి, స్పీడు ఇంత, బ్రేక్ ఇక్కడ వేశారు అని చూపిస్తూ ఆఫీసర్ అడుగుతాడు, నీకు ఆ రూల్ తెలుసా అని. తెలుసండీ అంటాడు మనవాడు, అక్కడితో ఆగితే బావుండును, ఆగడు, తెలుసు గానీ లేటయిపోతుందని బ్రేక్ టెస్ట్ చెయ్యలేదండీ అంటాడు. అంతే, అప్పటిదాకా మర్చిపోయిన కేసు కాస్తా తెలిసి చేసిన కేసు అయిపోయింది, అదీ సొంత నోటితో. తెలిసి చేసినవాటికి ఫండ్లు ఇవ్వవు. అబద్ధం చెప్పమనడం లేదు, అబద్ధం చెప్తే దానికి విడిగా ఇంకో చార్జ్ పడుతుంది, అడిగినదానికి మాత్రమే చెప్పి నోరు మూసుకోమంటున్నాను. మనకి ఖాళీగా ఉన్న నిశ్శబ్దం నింపే అలవాటు ఎక్కువ. కష్టంగా అనిపిస్తే రిసెస్ అడగండి, బయటకెళ్లి మాట్లాడుకుని వద్దాం.

అపోహ: డ్యూస్ జీతంలోంచే కట్ అవుతాయి, నేను చూసుకోనక్కర్లేదు.

జీతం వచ్చినన్నాళ్లూ కట్ అవుతాయి. ఇంట్లో కూర్చోబెట్టాక జీతమే లేదు, ఇంక దేంట్లోంచి కట్ అవుతాయి? సరిగ్గా ఫండ్ అవసరమైన నెలలోనే డ్యూస్ ఆగిపోతాయి, గడువు దాటితే మెంబర్‌షిప్ ల్యాప్స్, ఫండ్‌వాళ్లు మెయిల్లో పంపిన ఉత్తరం మనం విప్పి చూడం. ఫర్లోలో, అంటే పని లేక ఇంటికి పంపినప్పుడు, ఉన్నా, సిక్ లీవ్‌లో ఉన్నా, కంపెనీ మారినా, ప్రమోషన్ వచ్చి ఆఫీసర్ అయినా ఇదే. ఇలాంటి మార్పు ఏది జరిగినా వెంటనే ఫండ్‌కి ఫోన్ చేసి నేరుగా ఎలా కట్టాలో అడగండి. క్లెయిమ్ నోటీసుకి కూడా గడువు ఉంటుంది, హియరింగ్ అయ్యాక చెప్దాంలే అనుకోకూడదు, పక్కన పెట్టిన రోజే చెప్పాలి.

అపోహ: ఎక్కువ బెనిఫిట్ పెట్టుకుంటే అంత మంచిది.

డ్యూస్ కూడా దానికి తగ్గట్టే పెరుగుతాయి. పైగా మీ అసలు సంపాదన దాటి ఇవ్వకుండా పరిమితులు ఉంటాయి, అలా లేకపోతే జనం కావాలనే స్పీడ్ దాటేస్తారు కదా. లెక్క ఇలా వేసుకోండి. నెలకి ఇల్లు, కారు, తిండి, పిల్లల ఖర్చు కలిపి కచ్చితంగా కట్టాల్సింది 5,000 డాలర్లు అనుకుందాం, రోజుకి 200 డాలర్లు వచ్చి 30 రోజులకీ ఇస్తే 6,000, సరిపోతుంది. అదే వారానికి 5 రోజులే లెక్కగడితే నెలకి 22 రోజులు, 4,400, సరిపోదు. అందుకని రోజుకి ఎంత అని కాదు, ఏ రోజుల్ని లెక్కగడతారు, మొత్తం మీద ఎన్ని రోజుల దాకా ఇస్తారు అని అడగండి. మెంబర్‌గా ఉన్న సంవత్సరాలు పెరిగే కొద్దీ ఇచ్చే రోజులు పెరిగే పద్ధతి కూడా ఉంటుంది, అప్పుడు ఫండ్ మార్చితే సీనియారిటీ పోతుందేమో చూసుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్ ఇందులో లేదు, అది వేరే తలనొప్పి.

అపోహ: కంపెనీ నన్ను శిక్షించలేదు, కాబట్టి సమస్య తీరిపోయింది.

కంపెనీ ఊరుకున్నా సర్టిఫికెట్ సంగతి వేరే ఉంది. ఇంజనీర్లకి, కండక్టర్లకి ఫెడరల్ సర్టిఫికేషన్ ఉంటుంది. స్టాప్ సిగ్నల్ దాటడం, పరిమితికి గంటకి 10 మైళ్లు మించి స్పీడ్ వెళ్లడం, పర్మిషన్ లేకుండా మెయిన్ ట్రాక్ ఎక్కడం లాంటివి జరిగితే మొదటిసారి 30 రోజులు సర్టిఫికెట్ తీసేస్తారు, 24 నెలల్లో రెండోసారి అయితే 6 నెలలు, 36 నెలల్లో మూడోసారైతే ఏడాది. సర్టిఫికెట్ లేనిదే బండెక్కనివ్వరు, కంపెనీ శిక్ష సున్నా అయినా ఇంట్లోనే. మీ ఫండ్ డీసర్టిఫికేషన్ రోజుల్ని కవర్ చేస్తుందా లేదా అన్నది చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, నా ఉద్దేశంలో.

అపోహ: లేఆఫ్ అయితే కూడా ఇదే ఆదుకుంటుంది.

పని లేక ఫర్లో చేస్తే ఈ ఫండ్ ఇవ్వదు. దానికి రైల్‌రోడ్ రిటైర్మెంట్ బోర్డ్ ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్ భృతి ఉంది, రాష్ట్రాలది కాదు, రైలు వాళ్లకి 1938 చట్టం నుంచీ విడిగా ఉన్నది, దానికి డబ్బు కంపెనీలే కడతాయి, మన జీతంలోంచి పోదు. కంపెనీలు విలీనమై ఉద్యోగం పోతే న్యూయార్క్ డాక్ నిబంధనలని 1979 నుంచీ ఉన్నాయి, వాటి కింద కంపెనీయే ఆరేళ్ల దాకా పరిహారం ఇవ్వాల్సి రావచ్చు. ఈ మూడూ మూడు వేరు వేరు డబ్బాలు, ఒకదాని ఫారం ఇంకోదానికి పనికిరాదు.

అపోహ: తీసేసినా ఆర్బిట్రేషన్‌లో గెలిస్తే మొత్తం జీతం వచ్చేస్తుంది.

రావచ్చు, రాకపోవచ్చు. కంపెనీలో అప్పీళ్లు అయ్యాక చికాగోలో నేషనల్ రైల్‌రోడ్ అడ్జస్ట్‌మెంట్ బోర్డ్‌కో పబ్లిక్ లా బోర్డ్‌కో వెళుతుంది, ఆర్బిట్రేషన్ చేసేవి ఇవే, నెలలు కాదు, సంవత్సరాలు పట్టిన కేసులున్నాయి. ఉద్యోగం తిరిగి ఇవ్వండి, బ్యాక్ పే, అంటే పోయిన రోజుల జీతం, మాత్రం వద్దు అని తీర్పు రావడం చాలా మామూలు. బ్యాక్ పే వచ్చిన కేసుల్లో రిటైర్మెంట్ బోర్డ్ ఇచ్చిన అన్‌ఎంప్లాయ్‌మెంట్ తిరిగి కట్టాలి, ఫండ్ ఇచ్చినది తిరిగి ఇవ్వాలా అక్కర్లేదా అన్నది మీ ఫండ్ నిబంధనల్లో ఉంటుంది. ఆ డబ్బు చేతికొచ్చిన రోజే కారు బుక్ చెయ్యకండి.

చివరగా ఎప్పుడు చేరాలి అని అందరూ అడిగేది. హియరింగ్ నోటీసు వచ్చాక నాకు ఫోన్ చేసి ఇప్పుడు చేరొచ్చా అన్నా అంటారు. చేరొచ్చు, ఈ కేసుకి మాత్రం రాదు, ఘటన జరిగిన తేదీకి మీరు అప్పటికే మెంబర్ అయి ఉండాలి, కొన్నిచోట్ల చేరాక కొన్నాళ్లు వెయిటింగ్ కూడా ఉంటుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లని కంపెనీ హియరింగ్ లేకుండానే వద్దనొచ్చు, అలాంటప్పుడు ఫండ్ ఏం చేస్తుందో ముందే అడగండి, ప్రొబేషన్ అయ్యాక చేరదాంలే అని మాత్రం ఆ తేదీని మర్చిపోకండి. సీనియారిటీ తేదీ వచ్చిన వారంలో ఫారం పంపేసి, వాళ్లు ఒప్పుకున్నామని తేదీ వేసి పంపిన కాగితాన్ని డ్యూటీకి పట్టుకెళ్లే గ్రిప్ బ్యాగ్‌లో కాదు, ఇంట్లో పెట్టండి, మీరు రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లకి దొరికేచోట.