పచ్చ లేజర్‌లో వేడి ఎక్కడ ఇరుక్కుంటుంది?

పచ్చ లేజర్ పాయింటర్ సొంతంగా తయారు చేసుకునేవాళ్లు ముందు లెన్సు గురించి ఆలోచిస్తారు. నా దృష్టిలో మొదట ఆలోచించాల్సింది వేడి గురించి. రెండు సన్న పెన్సిల్ సెల్స్ నుంచి 250 మిల్లీఆంపియర్లు లాగితే ఖర్చయ్యేది ముప్పావు వాటు. బయటికొచ్చే పచ్చ కాంతి 5 మిల్లీవాట్లు. మిగిలిందంతా దాదాపు వేడే.

ఇంత వృథా ఎందుకంటే, చాలా పాయింటర్లలో పచ్చ కాంతి నేరుగా పుట్టదు. కరెంటుతో వెలిగే చిన్న లేజర్ డయోడ్ 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతితో ఒక వెనడేట్ స్ఫటికాన్ని వెలిగిస్తుంది. అది 1064 నానోమీటర్ల కాంతినిస్తుంది. దాన్ని కేటీపీ అనే ఇంకో స్ఫటికం 532కి, అంటే పచ్చ రంగుకి మారుస్తుంది. అడుగడుగునా కొంత పోతుంది.

అసలు చిక్కు డయోడ్ దగ్గరే ఉంది. అది ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. వెనడేట్ బాగా పీల్చుకునేది 808 చుట్టుపక్కల కొద్ది నానోమీటర్ల పరిధినే. డిసెంబరు చలిలో నక్షత్రాలు చూపిస్తుంటే పచ్చ గీత పలచబడటానికి ఇదొక ముఖ్య కారణం. మరీ వేడెక్కినా అంతే.

వేడి డయోడ్ నుంచి ఇత్తడి మాడ్యూల్‌లోకి (డయోడ్‌నీ స్ఫటికాల్నీ పట్టి ఉంచే డబ్బీ), అక్కడి నుంచి అల్యూమినియం గొట్టంలోకి పోవాలి. గొట్టం 60 గ్రాములుంటే, ముప్పావు వాటు వేడికి నిమిషంలో ఒక డిగ్రీ కూడా పెరగదు. దానితో ఇబ్బంది లేదు. మాడ్యూల్‌కీ గొట్టానికీ మధ్య మిగిలే గాలే అడ్డు. 12 మిల్లీమీటర్ల మాడ్యూల్ చుట్టూ అర మిల్లీమీటరు సందుంటే, వేడి ఆ గాలిని దాటడానికే లోపల దాదాపు 20 డిగ్రీలు పెరగాలి. అంటే 6 నానోమీటర్ల జరుగుడు! టేపు చుట్టి బిగించడం, గ్లూ గన్‌తో అంటించడం గాలికన్నా నయమే గానీ, అవి లోహంలా వేడిని దాటించవు. లేత్ మీద సరిగ్గా పట్టే అల్యూమినియం తొడుగు చేయించి, సన్న సందుల్ని నింపి వేడిని దాటించే థర్మల్ పేస్ట్ పల్చగా రాయాలి. పేస్ట్ ఎక్కువైతే అదే అడ్డవుతుంది. కాసేపటికి గొట్టం గోరువెచ్చగా తగిలితే సంతోషించాలి, వేడి బయటికొస్తోందన్నమాట. కాంతి తగ్గి గొట్టం చల్లగానే ఉంటే అది లోపలే ఇరుక్కుంది.

డయోడ్‌ను నేరుగా బ్యాటరీకి కలపొద్దు. వేడెక్కే కొద్దీ దానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. కరెంటును ఒకే స్థాయిలో ఉంచే డ్రైవర్ సర్క్యూట్ కావాలి. 1962లో వచ్చిన తొలి సెమీకండక్టర్ లేజర్లను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచాల్సి వచ్చేది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆగకుండా వెలిగే డయోడ్ 1970కి గానీ రాలేదు. వేడి అంటే డయోడ్‌కి ఇప్పటికీ పడదు.

పచ్చ కాంతి తగ్గిందని కరెంటు పెంచడం మాత్రం నిజంగా ప్రమాదం. స్ఫటికం పీల్చుకోని 808 కాంతి ముందుకే వస్తుంది. అది కంటికి దాదాపు కనబడదు కాబట్టి రెప్ప పడదు. 2010లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఒక చౌక పచ్చ పాయింటర్‌ను పరీక్షిస్తే, మసక పచ్చ కాంతితో పాటు దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణ కాంతి వస్తోందని తేలింది. అందులో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ లేదు. మీరు చేసే పాయింటర్‌లో స్ఫటికాల తర్వాత, కాంతి బయటికొచ్చే వైపు అలాంటి ఫిల్టర్ బిగించకుండా స్విచ్ వేయొద్దు.