కజిరంగా వార్త చదివే ముందు

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈసారి సెలవుల్లో అస్సాం వెళ్లి కజిరంగా జాతీయ ఉద్యానవనం చూడాలని మీరందరూ కలిసి తీర్మానించుకున్నారట. చాలా సంతోషం. ఆ కబురుతో పాటు మీ ప్రశ్న కూడా నాకు చేరింది. "ఏటా జూలైలో అక్కడ వరదలొచ్చి జంతువులు చనిపోతున్నాయని టీవీలో చూపిస్తున్నారు కదా, చుట్టూ ఒక పెద్ద కరకట్ట కట్టేస్తే పోదా?" అని అడిగారు. పోదు. కట్టకూడదు కూడా. ఎందుకో చెప్పాలంటే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పటం తెరవండి. ఉత్తరాన బ్రహ్మపుత్ర నది. దక్షిణాన కార్బీ ఆంగ్‌లాంగ్ కొండలు. ఆ రెండింటి మధ్య పల్లంలో ఉంది కజిరంగా. 1974లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినప్పుడు దాని వైశాల్యం దాదాపు 430 చదరపు కిలోమీటర్లు. తర్వాత మరికొన్ని భాగాలు కలిశాయి. కొండలకూ ఉద్యానవనానికీ నడుమ, అంచు వెంబడి జాతీయ రహదారి పోతుంది. నది, పల్లం, రోడ్డు, కొండ. ఈ వరుస గుర్తుంటే అక్కడి నుంచి వచ్చే వార్తల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

ఆ పల్లంలో ఎక్కువ భాగం గడ్డి. గడ్డి అంటే మన పెరట్లో మొలిచేది అనుకునేరు. దాని చాటున ఏనుగు నిలబడినా కనిపించదు. గడ్డి మధ్యలో అక్కడక్కడా మడుగులు ఉంటాయి. బ్రహ్మపుత్ర, దాని పాయలు దారి మార్చుకున్నప్పుడు వదిలేసి పోయిన వంపుల్లో నీళ్లు నిలిచి ఏర్పడినవే వీటిలో చాలావరకు. అక్కడివాళ్లు వాటిని బీల్ అంటారు. ఖడ్గమృగానికి ఆ గడ్డి తిండి, ఆ బీల్ స్నానాల గది. ఎండ ముదిరిందంటే మెడ వరకు నీళ్లలో దిగి గంటల తరబడి కదలదు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. అంత వాన కురిసే చోట, అంత సారమున్న నేల మీద చెట్లు పెరిగి అడవి కమ్మేయాలి కదా? గడ్డి ఎలా నిలిచింది? నిలబెట్టింది వరదే. ఏటా నది పొంగి పల్లమంతా పరుచుకున్నప్పుడు లేత చెట్లు నీళ్లలో నాని చాలావరకు చచ్చిపోతాయి. గడ్డి దుబ్బులు మాత్రం బురదలోంచి మళ్లీ చిగురిస్తాయి. నీళ్లు తీస్తూ తీస్తూ కొత్త ఒండ్రు పరిచిపోతాయి. గోదావరి లంకల్లో వ్యవసాయం చేసేవాళ్లను అడగండి, ఒండ్రు విలువ నాకంటే బాగా చెబుతారు. ఇక బీళ్ల సంగతి. ఏడాది పొడుగునా వాటిలో గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. వరద ఒక్క తోపుతో దాన్ని నదిలోకి ఊడ్చేస్తుంది. నదిలోని చేపలు అదే నీటితో పాటు బీళ్లలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ చేపల కోసమే శీతాకాలంలో పక్షులు, ఏడాదంతా నీటికుక్కలు. కట్ట కట్టి నదిని బయట నిలబెట్టారనుకోండి, మొదటి ఏడాది అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత కొన్నేళ్లకు బీళ్లు పూడిపోతాయి, గడ్డి మీదికి చెట్లు నడిచొస్తాయి, చివరికి మనం కాపాడాలనుకున్న ఖడ్గమృగానికి మేత ఉండదు.

అలాగని వరదంటే పండగ అని నేను చెప్పడం లేదు. 2024 జూలైలో వచ్చిన వరదల్లో అక్కడ రెండు వందలకు పైగా జంతువులు చనిపోయాయి. వాటిలో అత్యధికం హాగ్ డీర్ అనే పొట్టి జింకలు. ఖడ్గమృగాలు కూడా ఉన్నాయి, ఎక్కువగా తల్లుల నుంచి విడిపోయిన పిల్లలు కొట్టుకుపోతాయి. అది దుఃఖమే. మామూలు వరద వేరు, రోజుల తరబడి దిగకుండా నిలిచిపోయే వరద వేరు. టీవీవాళ్లకు ఈ రెంటికీ తేడా పట్టదు. నీళ్లలో తేలుతున్న ఖడ్గమృగాన్ని చూపించి, వెనక విషాద సంగీతం పెడతారు. నిజానికి ఆ ఖడ్గమృగం హాయిగా ఈదుకుంటూ పోతూ ఉండవచ్చు, అది గట్టి ఈతగత్తె.

నీళ్లు పెరిగేకొద్దీ జంతువులు ఏం చేస్తాయో ఇందాకటి పటంలోనే ఉంది. కొండ ఎక్కుతాయి. ఏనుగులు అందరికంటే ముందే బయలుదేరతాయి. జింకలు, అడవి గేదెలు, పులులు ఆ వెనక. కానీ కొండకు చేరాలంటే రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద లారీలు. ముంపులో బతికిన జింక రోడ్డు మీద చావడం మనుషులు చేసిన పని, దాన్ని నది ఖాతాలో రాయకూడదు. అందుకే వరద రోజుల్లో అక్కడ వాహనాల వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు కట్టడి చేస్తారు. ఒక చివర డ్రైవరు చేతికి సమయం రాసిన చీటీ ఇస్తారు, రెండో చివర దాన్ని చూస్తారు. ముందే చేరాడంటే వేగంగా వచ్చినట్టే, జరిమానా కట్టాలి. ఎంత తేలికైన ఉపాయమో చూడండి! జంతువులు దాటే చోట్ల రోడ్డునే పైకి లేపి, కింద వాటికి దారి వదలాలనే పథకానికి 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ పని ఎంతవరకు వచ్చిందన్నది మీరు ఇకపై గమనించాల్సిన వార్త.

2019 జూలైలో ఇలాగే కొండల వైపు బయలుదేరిన ఒక ఆడపులి సంగతి మీకు నచ్చుతుంది. పాపం, అలసిపోయినట్టుంది. దారిలో రోడ్డు పక్కన ఒక దుకాణం ఉంది, దాన్ని ఆనుకునే ఇల్లు. అందులోకి దూరి మంచమెక్కి పడుకుంది. పగలంతా అక్కడే నిద్ర. వన్యప్రాణి రక్షకులు దాన్ని కదిలించలేదు, చుట్టూ జనాన్ని మాత్రం దూరంగా ఉంచారు. సాయంత్రం వాహనాలు ఆపి దారి ఇస్తే, అది లేచి రోడ్డు దాటి అడవి వైపు వెళ్లిపోయింది. ఆ ఇంటి యజమాని, పులి పడుకున్న దుప్పటి, దిండు దాచుకుంటానని అన్నాడట. ఆ ఫొటో చూస్తే మీరు నవ్వుతారు. నాకు మాత్రం అది ఎంత నడిచొచ్చిందో అనిపించింది.

కొండ దాకా పోలేనివాటి కోసం పల్లంలోనే మట్టి పోసి ఎత్తైన దిబ్బలు కట్టారు. వరద కాలంలో ఒకే దిబ్బ మీద జింకలూ ఖడ్గమృగాలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. తల్లి తప్పిపోయిన పిల్లలను పట్టుకొచ్చి పాలు పట్టి పెంచే పునరావాస కేంద్రం ఒకటి 2002 నుంచి కజిరంగా పక్కనే నడుస్తోంది. అక్కడ సీసా పాలతో పెరిగిన ఖడ్గమృగాలు కొన్ని పెద్దవై, అదే రాష్ట్రంలోని మానస్ జాతీయ ఉద్యానవనంలో స్వేచ్ఛగా తిరుగుతున్నాయి.

ఇంకొకరున్నారు, వాళ్లను వార్తలు మరచిపోతాయి. అటవీ రక్షకులు. వేటగాళ్ల మీద కాపలాకు లోపల రెండు వందలకు పైగా శిబిరాలున్నాయి. చాలావాటిని స్తంభాల మీద కట్టారు. చుట్టూ నీళ్లు ముంచుకొచ్చినా రక్షకులు వాటిని వదలరు, పడవ మీద గస్తీ తిరుగుతారు. వరదప్పుడు ఉద్యానవనం అధికారులు రోజూ ఇచ్చే సమాచారంలో "ఇన్ని శిబిరాలకు గాను ఇన్ని మునిగాయి" అని ఒక వాక్యం ఉంటుంది. మీరు ముందు చూడాల్సింది దాన్ని. ఈ రోజుకూ నిన్నటికీ పోల్చితే నీరు ఎక్కుతోందో తీస్తోందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత చనిపోయిన జంతువుల లెక్కలో మునిగినవెన్ని, వాహనాలు ఢీకొన్నవెన్ని అని విడదీసి చదవండి.

వానలు వెళ్లాక ఇంకో భయపెట్టే వార్త వస్తుంది, ముందే చెప్పి ఉంచుతాను. శీతాకాలం చివర్లో కజిరంగాలో పొగ లేస్తుంది. కార్చిచ్చు కాదది. ఎండిన గడ్డిని అటవీ శాఖవాళ్లే భాగాలుగా విడదీసి, అదుపులో పెట్టి తగలబెడతారు. వరద చంపకుండా వదిలిన చెట్ల మొక్కలను ఆ మంట చూసుకుంటుంది. కొన్నాళ్లకే నల్లటి బూడిదలోంచి పచ్చటి లేత గడ్డి లేస్తుంది, జింకలూ ఖడ్గమృగాలూ దానికోసం బయటికి వస్తాయి. ఖడ్గమృగాల లెక్కింపు మార్చి నెలలో పెట్టడం కూడా ఇందుకే: గడ్డి తగలబడ్డాక దాక్కునే చోటు తక్కువ.

ఆ లెక్కల సంగతి కొంచెం చెప్పాలి. 1904లో వైస్రాయి కర్జన్ భార్య మేరీ ఖడ్గమృగం చూడాలని కజిరంగా వెళ్లి, అడుగుజాడలు తప్ప ఏమీ కనిపించక నిరాశతో తిరిగొచ్చి, భర్త వెంటపడి దీన్ని కాపాడించిందని ఒక కథ చెబుతారు. కథలో ఎంత రంగు పూశారో గాని, 1908లో అది రక్షిత అడవి అయిన మాట నిజం. అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయని చెబుతారు. 1966 గణనలో 366. 2022 గణనలో 2,613. ప్రపంచంలో ఉన్న ఒంటికొమ్ము ఖడ్గమృగాల్లో సగానికి పైగా ఆ ఒక్క పల్లంలోనే బతుకుతున్నాయి. ఈ మూడు అంకెల మధ్య ఎన్ని పెద్ద వరదలొచ్చాయో లెక్కే లేదు. 1988లో, 1998లో వచ్చినవి మహా ఘోరమైనవి. అయినా సంఖ్య పెరిగింది. వాటికి అసలు శత్రువు నీళ్లు కాదు, కొమ్ము కోసం వచ్చే తుపాకీ.

కొమ్ములో ఏముందంటారా? మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్. అంతే. దాన్ని మందు అనుకుని లక్షలు పోసి కొనే మూర్ఖులు ఉన్నంతకాలం చంపేవాళ్లు ఉంటారు. 2021 సెప్టెంబరు 22న, ప్రపంచ ఖడ్గమృగ దినాన, ఉద్యానవనం పక్కనే ఉన్న బొకాఖాత్‌లో అస్సాం ప్రభుత్వం తన ఖజానాల్లో దశాబ్దాలుగా పోగుపడిన 2,479 కొమ్ములను బహిరంగంగా కాల్చేసింది. అమ్మితే డబ్బొచ్చేది కదా అని అప్పుడు కొందరు గొణిగారు. నాకైతే ఆ పని బాగా నచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2022లో, అస్సాంలో వేటగాళ్ల చేతిలో ఒక్క ఖడ్గమృగం కూడా చావలేదు. కాల్చడం వల్లే అలా జరిగిందని నేను అనను, రక్షకుల కష్టం దాని వెనక ఉంది.

ఇక మీ ప్రయాణం. వానాకాలంలో ఉద్యానవనం మూసే ఉంటుంది, మన నల్లమలలో అమ్రాబాద్ పులుల సఫారీని వానల్లో ఆపేసినట్టే. డిసెంబరులో వెళితే గడ్డి ఇంకా నిలువెత్తు ఉంటుంది, జంతువు పది అడుగుల దూరంలో ఉన్నా తెలియదు. అయితే బీళ్ల పక్కన పక్షులు కొల్లలు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బాతులుంటాయి, తల మీద రెండు నల్లటి పట్టీలు చూసి పోల్చుకోవచ్చు. నేలపట్టులో మీరు చూసిన గూడబాతులు అక్కడా గూళ్లు కడతాయి. మార్చిలో అయితే పక్షులు తగ్గుతాయి గాని, ఖడ్గమృగాలు, అడవి గేదెలు, బారసింఘా జింకలు మైదానంలో పరిచినట్టు కనిపిస్తాయి. నన్నడిగితే మార్చే మేలు, కానీ మీ పరీక్షలు ఒప్పుకోవు. సరే, డిసెంబరే కానివ్వండి. పులి కోసం మాత్రం ఆశ పెట్టుకోకండి. కనిపిస్తే మీ అదృష్టం. కనిపించలేదని జీపు డ్రైవరు మీద చిరాకు పడితే ఊరుకోను.

జీపులోంచి దిగడం, అరవడం, ఏదైనా విసరడం కుదరవు. అత్తర్లు వద్దు. ఖడ్గమృగానికి చూపు మందం, ముక్కు మాత్రం మహా చురుకు. రెండు వేల కిలోల బరువున్నా పరుగెత్తిందంటే మీరు సైకిలు మీద కూడా అందుకోలేరు. దారి పక్కన పెద్ద పేడకుప్ప కనిపిస్తే ముక్కు మూసుకోకుండా ఆగి చూడమని అడగండి. ఖడ్గమృగాలు ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి పేడ వేస్తాయి. ఏది వచ్చింది, ఏది వెళ్లిందన్న కబుర్లన్నీ వాటికి ఆ వాసనలోనే తెలుస్తాయి. స్వెట్టర్లు మరవకండి, తెల్లవారుజామున వణికిస్తుంది. పొద్దు కూడా మన దగ్గరకంటే ముందే కుంగుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర తాత్సారం చేస్తే ఆ పూట సఫారీ పోయినట్టే.

టికెట్లు మాత్రం ఇప్పుడే కొనకండి. ఈ ఏడాది ఎప్పుడు తెరుస్తారన్నది వరద లోపలి దారులను ఎంత పాడు చేసింది, అవి ఎప్పటికి ఆరతాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. సాధారణంగా అక్టోబరులో ఉద్యానవనంలోని కొహొరా, బాగొరి అనే భాగాల వైపు ముందు తెరుస్తారు, మిగతా దారులూ ఏనుగు సఫారీ ఆ తర్వాత. జూలై నుంచి ఆ వార్తలు చదువుతూ ఉండండి. ఎన్ని శిబిరాలు మునిగాయో నాకు ఫోనులో మీరే చెప్పాలి, నా కళ్లద్దాలతో చిన్న అక్షరాలు కనిపించడం లేదు.

మీ అమ్మమ్మ