నాపరాయి నీళ్లలో కరుగుతుందా?

బేతంచర్లలో పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పారేసిన నాపరాతి ముక్కలు, పెన్న ఇసుకలో ఏరిన గులకరాళ్లు తెచ్చుకున్న ఒక పాఠకుడు అడిగారు: "అక్వేరియంలో పెట్టే ముందు వీటిని ఎంతసేపు ఉడకబెట్టాలి?"

ఉడకబెట్టొద్దు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కసారిగా వేడెక్కితే విడిపోతుంది. మంట మీదో ఓవెన్‌లోనో పెడితే ఇంకా ప్రమాదం. సందుల్లో చిక్కిన నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, దారి దొరక్కపోతే రాయి పేలుతుంది. గట్టి బ్రష్‌తో తోమి, బకెట్లో వారం పాటు నానబెట్టి, రోజూ నీళ్లు మారిస్తే చాలు. సబ్బు తగలనివ్వొద్దు. పాలిష్ పట్టిన ముక్కలు, నూనె మరకలున్నవి, ఆకుపచ్చ మచ్చలున్నవి పక్కన పెట్టేయండి. ఆ పచ్చదనం రాగిది కావచ్చు, కొద్దిపాటి రాగి కూడా రొయ్యలకు, నత్తలకు విషమే.

రాయి శుభ్రంగా ఉందా అని అందరూ అడుగుతారు. అది నీళ్లలో రాయిగానే ఉంటుందా అన్నది మాత్రం ఎవరూ అడగరు. మన సీమలో ముందు అడగాల్సింది అదే.

ఒక నాపరాతి ముక్క తీసుకుని, తడి లేకుండా తుడిచి, దాని మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి చుక్క అంచున ఆవగింజలో పదో వంతు బుడగలు వరుస కడతాయి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి చిటపట వినిపిస్తుంది. తుడిచేశాక ఆ చోట నునుపు పోయి పాలిపోయిన మచ్చ మిగులుతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. రాయిలో ఉన్నది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. అనంతపురం గుట్టల గ్రానైట్ మీదా, గండికోట క్వార్ట్జైట్ మీదా ఇదే పని చేస్తే ఏమీ కాదు, అవి నిశ్చింతగా వాడుకోవచ్చు. పెన్న గులకరాళ్లలో అన్ని జాతులూ కలిసి ఉంటాయి కాబట్టి రాయి రాయికీ చుక్క వేసి చూడాల్సిందే. వేంపల్లె వైపు దొరికే డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటి రాయి) మాత్రం మోసం చేస్తుంది, చల్లటి వెనిగర్‌కు సరిగా స్పందించదు. మేకుతో గీకి, రాలిన పొడి మీద చుక్క వేస్తే నెమ్మదిగా బయటపడుతుంది.

ట్యాంకులో వెనిగర్ ఉండదు కదా అంటారా? చేపలు ఊపిరి వదులుతాయి. ఆ కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. బలహీనమైన ఆమ్లమే, కానీ రాయిని కరిగించి కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. బడిలో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదించే ప్రయోగం గుర్తుందా? తేట పాలలా తెల్లబడగానే చాలామంది టీచర్లు అక్కడితో ఆపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. ఆపకుండా ఊదుతూ పోతే ఆ తెలుపు మాయమై నీరు మళ్లీ తేటపడుతుంది. అసలు పాఠం ఆ రెండో సగంలోనే ఉంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల బెలుం గుహలను తొలిచింది ఆ రెండో సగమే. యాగంటి బసవన్న పెరుగుతున్నాడన్న నమ్మకం సంగతి అలా ఉంచితే, గుహల్లో మాత్రం రాయి నిజంగానే పెరుగుతుంది. పైకప్పు నుంచి జారే బొట్టు తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలికి వదిలేసినప్పుడు, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. చర్య ఒకటే, దిశ మారిందంతే.

ఇక లెక్కలు. కార్బన్ డయాక్సైడ్ బొత్తిగా లేని నీటిలో లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే అది 50 దాకా పోతుంది. ఆపైన పెరుగుదల ఘనమూలాన్ని బట్టి నడుస్తుంది: కార్బన్ డయాక్సైడ్ ఎనిమిది రెట్లయితే కరిగే సున్నం రెండు రెట్లే అవుతుంది. మొక్కల కోసం సిలిండర్ పెట్టి లీటరుకు 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే ట్యాంకులో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మాత్రమే తోడైన నీటి కన్నా మూడు నాలుగు రెట్లు సున్నం కరగగలదు. రాత్రి మొక్కలు కూడా ఊపిరి వదులుతాయి కాబట్టి కరగడానికి అనుకూలం. పగలు అవే మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే, కఠినజలంలో ఒక్కోసారి ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది. మీ గీజర్ రాడ్‌కు పట్టే గార కూడా ఇదే సున్నం, వేడికి పేరుకున్నది.

ఇక్కడ చాలామంది నమ్మని మాట ఒకటుంది. మన బోరునీళ్లలో చాలాచోట్ల సున్నం ముందే నిండుగా ఉంటుంది. అలాంటి నీళ్లలో నాపరాయి పెద్దగా కరగదు, కరగడానికి చోటు ఉండదు. చేపలకు మంచిదని ఖర్చు పెట్టి ఆర్వో నీళ్లు పోసేవారి ట్యాంకులోనే అది జోరుగా కరిగి, పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 పైకి తీసుకుపోతుంది. అందుకే రాయిని బోరునీళ్లలో నానబెట్టి పరీక్షించొద్దు. ఆర్వో నీళ్లలో వేసి, మొదటి రోజూ రెండు వారాల తర్వాతా టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలను చూపే పరికరం) కొలవండి. రాయి వేయని ఇంకో గిన్నెలో కూడా అవే నీళ్లు ఉంచి పోల్చుకోండి.

అంకె బాగా పెరిగినా ఆ రాయిని పారేయక్కర్లేదు. నియాన్ టెట్రాలకు, డిస్కస్‌లకు మెత్తని నీరు, అంటే సున్నం తక్కువున్న నీరు కావాలి, వాటి ట్యాంకులో ఇది వద్దు. మోలీలు, గప్పీలు, మలావీ సరస్సు సిచ్లిడ్‌లు మాత్రం సున్నపు నీళ్లలోనే కులాసాగా ఉంటాయి. వాటికి నాపరాతి ముక్కలు గుహలా పేర్చండి. ఇసుక పోయకముందే అడుగు అద్దం మీద పల్చటి ఫోమ్ షీటు పరిచి, దాని మీద కదలకుండా నిలబెట్టండి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వేసి రాళ్లను కూల్చేస్తాయి.