వేరా, చిగురా? సీసాలో సర్పగంధ

"సర్పగంధ వేరు కావాలంటే మొక్కను పీకేయాల్సిందే కదా, మరి అడవిలో మిగిలేదేమిటి?" అని మద్దిలపాలెం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. రక్తపోటును తగ్గించే రిసర్పిన్‌ను 1952లో ఈ వేరు నుంచే వేరుచేశారు. గిరాకీ చూస్తే ఎక్కువ, విత్తనాలు చూస్తే సరిగా మొలకెత్తవు. పాము కరిస్తే ఈ వేరు అరగదీసి తాగించేవారు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

అడవిని ముట్టకుండా చిన్న మొక్క ముక్క నుంచి సీసాలో మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ (కణజాల వర్ధనం) దీనికి ఒక దారి. అందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆర్కే బీచ్‌లో మనం తాగే కొబ్బరి బొండాం నీళ్లు నిజానికి పుట్టబోయే మొక్క కోసం తల్లిచెట్టు దాచిన ఆహారం. 1941లో వృక్షశాస్త్రవేత్త వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలను ఈ నీళ్లు కలిపిన పోషకంలో పెంచింది. కణాలను విభజనకు పురిగొల్పే సైటోకైనిన్లు అందులో ఉన్నాయని తర్వాత తేలింది. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కాండంలోని దవ్వ ముక్కలతో అసలు గుట్టు విప్పారు. ఆక్సిన్ అనే మరో మొక్కల హార్మోన్ వైపు మొగ్గితే వేర్లు, సైటోకైనిన్ వైపు మొగ్గితే చిగుళ్లు, రెండూ సమంగా తూగితే ఆకారం లేని కణాల ముద్ద. ముక్క అదే, కణాలూ అవే. తేడా అంతా త్రాసులోనే! ఇంత అందమైన విషయాన్ని పిల్లల చేత రెండు మార్కుల నిర్వచనంగా బట్టీ పట్టిస్తున్నామంటే బాధగా ఉంటుంది.

సర్పగంధ విషయంలో ఒక కణుపు చాలు. దాన్ని శుభ్రంచేసి, 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధిచేసిన అగార్ జెల్లీలో నిలబెడతారు. అందులో చక్కెర లీటరుకు 30 గ్రాములు, సైటోకైనిన్ మిల్లీగ్రాముల్లో. కొన్ని వారాలకు కణుపు దగ్గర ఆకు మొదట్లో ఉన్న మొగ్గ విచ్చుకుని, దాని మొదట్లో గుత్తిగా చిగుళ్లు లేస్తాయి. వాటిని విడదీసి మళ్లీ నాటాలి. నెలకు నాలుగింతలైతే ఆరు విడతల్లో ఒక్క కణుపు 4096 అవుతుంది. కణాల ముద్ద దారిలో వెళితే మొక్కకూ మొక్కకూ జన్యువుల్లో తేడాలు రావచ్చు. మందు మొక్కకు అది ప్రమాదం కనుక, ఉన్న మొగ్గనే నిద్రలేపడం మేలు. ఆ తర్వాత త్రాసును ఆక్సిన్ వైపు వంచితే చిగురు కింద తెల్లటి వేళ్లు దిగుతాయి.

సీసాలో పెరిగిన ఆకుకు మైనపు పూత పలుచన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. మన విశాఖ సముద్రపు గాలి కూడా దానికి పొడిగాలే. అందుకే కుండీ మీద పాలిథిన్ సంచి కప్పి, రోజుకు కాస్త చొప్పున తెరుస్తారు. అలా నిలదొక్కుకున్న మొక్క పొలానికి చేరితే, ఏడాదిన్నర తర్వాత పీకే వేరు అడవిది కాదు.