మధ్యయుగపు చర్చిగానం, కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

మధ్యయుగ యూరప్ చర్చిల్లో పాడిన పాటల రాతప్రతులను చదవడం, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చిన్న బృందంతో పాడించడం నా పని. దీని గురించి తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పోయిన బాణీలను కంప్యూటర్ తిరిగి తెచ్చిపెడుతుంది.

వాస్తవం: స్పెయిన్‌లో 11వ శతాబ్దం దాకా ప్రత్యేకమైన ఆరాధన సంప్రదాయం ఒకటి ఉండేది. 1080లో బుర్గోస్‌లో జరిగిన సభ దాన్ని తప్పించి రోమన్ పద్ధతిని నిలబెట్టింది. ఆ పాత గానం లియోన్ కేథడ్రల్‌లోని 10వ శతాబ్దపు గ్రంథంలో న్యూమ్‌లనే గుర్తులతో సహా భద్రంగా ఉంది. ఏ అక్షరానికి ఎన్ని స్వరాలో, గొంతు పైకి వెళ్లాలో కిందికి దిగాలో న్యూమ్‌లు చెబుతాయి. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చెప్పవు. గాయకుడికి బాణీ ముందే నోటికి వచ్చు కాబట్టి అప్పట్లో ఆ అవసరం రాలేదు. స్వరస్థానాలు తెలిసేలా మిగిలిన పాటలు సుమారు ఇరవై.

నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ ఎత్తుపల్లాలను కంప్యూటర్‌కు అందేలా రాసి, గ్రెగోరియన్ (రోమన్ పద్ధతి చర్చిగానం) వంటి సన్నిహిత సంప్రదాయాల బాణీలతో పోల్చి, పాడదగిన బాణీలను రూపొందించే పద్ధతి తయారుచేశారు. ఎంతో విలువైన పని అది. అయితే ఒకే న్యూమ్‌ల వరుసకు చాలా బాణీలు సరిపోతాయి. వచ్చినది ఆ శైలికి తగిన ఊహ. దాన్ని పాడే ముందు సభలో ‘ఇది పునర్నిర్మాణం’ అని చెప్పి తీరాలని నా పట్టుదల.

అన్నమయ్య సొంత బాణీలు ఇలా దొరకవా అని మనవాళ్లు ఆశగా అడుగుతారు. తాళ్లపాక రాగిరేకుల్లో సంకీర్తనకు రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. లియోన్ గ్రంథం ఇచ్చే ఎత్తుపల్లాల ఆనవాలు కూడా లేనప్పుడు ఈ పద్ధతికి పట్టు దొరకదు.

అపోహ: స్కాన్ చేసిన పుటలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చూసి పాడేయవచ్చు.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లోని సెంట్ గాలెన్ మఠంలో 359వ నంబరు రాతప్రతిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇది కూడా 10వ శతాబ్దానిదే, ఇందులోనూ న్యూమ్‌లే తప్ప స్వరస్థానాలు లేవు. గీతల మీద స్వరం రాసే పద్ధతిని ఇటలీ సన్యాసి గీడో ఆఫ్ అరెజ్జో స్థిరపరిచింది ఆ తర్వాత సుమారు వందేళ్లకు. అందుకని స్వరస్థానాల కోసం మేము ఫ్రాన్స్‌లో మోంపెలియే నగరంలోని 11వ శతాబ్దపు ప్రతికి వెళతాం. అందులో న్యూమ్‌లతో పాటు స్వరాలను సూచించే అక్షరాలూ ఉన్నాయి. నడక మాత్రం సెంట్ గాలెన్ నుంచే తీసుకుంటాం. అక్కడ న్యూమ్ పక్కన ‘సి’ ఉంటే త్వరగా, ‘టి’ ఉంటే నిలిపి పాడాలి. వేర్వేరు దేశాల్లోని ఈ రెండు ప్రతులను ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి పదం పదం పోల్చగలగడం నా దృష్టిలో డిజిటల్ యుగం ఈ రంగానికి చేసిన అతిపెద్ద మేలు.

అపోహ: పాత కట్టడాల ప్రతిధ్వనిని కలపడం అలంకారం కోసమే.

వాస్తవం: 2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇస్తాంబుల్‌లో ఒకప్పటి చర్చి అయిన హగియా సోఫియాలో బెలూన్లు పేల్చి ఆ ధ్వనిని రికార్డు చేశారు. అక్కడ శబ్దం పూర్తిగా అణగడానికి సుమారు 11 సెకన్లు పడుతుంది. దాని నుంచి కంప్యూటర్ ఆ కట్టడపు ధ్వని స్వభావాన్ని లెక్కగట్టింది. కపెల్లా రొమానా బృందం అమెరికాలోని సభామందిరంలో పాడుతుంటే, వాళ్ల గొంతులు అప్పటికప్పుడు హగియా సోఫియాలో మోగినట్టు వినిపించాయి. అంత ప్రతిధ్వనిలో వేగంగా పాడితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. గాయకులు నడక తగ్గించక తప్పదు. శ్రుతిలా నిలిచే ఐసన్ స్వరానికి అక్కడ వచ్చే నిండుదనం మామూలు గదిలో రాదు. రాతప్రతి చెప్పని విషయాలను కట్టడం ఇలా చెబుతుంది. ఒక్క జాగ్రత్త అవసరం: కొలిచింది ఖాళీ కట్టడాన్ని. జనం, వస్త్రాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి పండుగనాడు కిక్కిరిసిన చోట ప్రతిధ్వని తగ్గి ఉంటుంది.

అపోహ: డేటాబేస్ ఉంటే పండితులతో పనిలేదు.

వాస్తవం: ఏ పాట ఏ ప్రతిలో, ఏ పండుగకు ఉందో చెప్పే కాంటస్ డేటాబేస్‌లో లక్షల పాటల వివరాలున్నాయి. లేఖకులు ఒకే లాటిన్ పదాన్ని పలు రకాలుగా రాశారు. వాటిని పోల్చి, ప్రామాణిక రూపం పక్కన చేర్చినది ఆ లిపి చదవగల మనుషులే. అలా చేర్చకపోతే ఎన్నో చోట్ల వెతికిన పాట అక్కడే ఉండి కూడా దొరకదు.