కొట్టేసి మళ్ళీ రాసిన జవాబు

కందుకూరు,
ఆదివారం పొద్దున

చిట్టితల్లికీ, నానిగాడికీ,

మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. అమ్మమ్మకో తాతయ్యకో ఇష్టమైన పాట ఏది, పుస్తకం ఏది, బొమ్మ ఏది, ఎందుకిష్టం అని స్కూల్లో అడిగారంట కదా. నాలుగు గళ్ళే, పది నిమిషాల పని అనుకుని పెన్ను తీశాను. రెండు రోజులు పట్టింది.

మొదట రాసింది ఇది. పాట: త్యాగరాజ కీర్తన. పుస్తకం: భారతం. బొమ్మ: రవివర్మ గీసిన సరస్వతి. రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అచ్చం పెళ్ళిచూపుల్లో చెప్పిన జవాబుల్లా ఉన్నాయి. ఆ రోజు కూడా అంతే, "పాటలేమైనా వచ్చా అమ్మాయ్" అని అడిగితే "కీర్తనలంటే ఇష్టమండీ" అన్నాను. అప్పటికి నాకు ఒక్క కీర్తన కూడా పూర్తిగా రాదు. మీ తాతయ్య ఇప్పటికీ ఆ మాటెత్తి ఏడిపిస్తారు. అందుకే మూడూ కొట్టేశాను.

త్యాగరాజు అంటే గౌరవం లేక కాదు. ఆయన బతికింది తిరువయ్యారులో అయినా ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన పాత ప్రకాశం జిల్లాలో ఊరు, వాళ్ళ పెద్దలు అక్కడి నుంచి వలసపోయిన వాళ్ళు. ఆయన లాగే కీర్తనలు కట్టిన శ్యామశాస్త్రి గారి పెద్దలదేమో మన వైపు కంభం. ఈ సంగతి చెప్పేటప్పుడు మీ తాతయ్య వాళ్ళిద్దరూ మనకి దగ్గరి చుట్టాలన్నంత గర్వంగా చెప్తారు.

నా అసలు పాటకి మాత్రం పేరు లేదు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పొగాకు బ్యారన్ (ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం) దగ్గర ఆడవాళ్ళు ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చుని పచ్చాకును కర్రలకు కట్టేవాళ్ళు. మా అమ్మ కూడా వెళ్ళేది. ఈ వరస వాళ్ళు ఒక చరణం సగం పాడి వదిలితే ఆ వరస వాళ్ళు మిగతా సగం అందుకునేవాళ్ళు. ఎవరైనా మాట మర్చిపోతే అప్పటికప్పుడు ఏదో ఒకటి కల్పించేవాళ్ళు, ఎక్కువసార్లు అది మేస్త్రీ మీద వెటకారమే. సాయంత్రానికి అమ్మ చేతులకి నల్లటి జిగురు పట్టి ఉండేది. ఎంత తోమినా ఆ చేత్తో కలిపిన ముద్ద చేదుగానే ఉండేది. ఆ పాటలో నాకిప్పుడు మూడు చరణాలే గుర్తున్నాయి, రాగం మాత్రం మొత్తం ఉంది.

సినిమా పాటల్లో అడిగితే బాలు. మన నెల్లూరు వాడని కాదులే, సరే, కొంత అందుకే. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. బాలు పాట మధ్యలో నవ్వినా, ఒక మాటను సాగదీసి వదిలినా నాకు అక్కడ హరికథే వినిపిస్తుంది.

ఇక పుస్తకం. భారతం మొత్తం ఇష్టం అంటే అబద్ధం, నేను మొత్తం చదవనే లేదు. అందులో ఒక్క చోటు ఇష్టం, అతుకు వేసిన చోటు. నన్నయ అరణ్యపర్వం రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయాడు. ఆయన చివరి పద్యంలో శరత్కాలపు రాత్రి ఉంటుంది, చుక్కలు, వెన్నెల, పూల వాసన మోసుకొచ్చే గాలి. తర్వాత మన నెల్లూరు తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వం నుంచి పట్టుకుని పదిహేను పర్వాలు రాసేశాడు. ఎందుకు వదిలాడో రకరకాల కథలు చెప్తారు, నేను వాటిని నమ్మను. నన్నయ ఆపిన దాదాపు మూడు వందల ఏళ్ళకి ఆ ముక్క పూర్తిచేసింది ఎర్రన. అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి దగ్గర కవి. మన పక్కనున్న గుడ్లూరు ఆయనదేనని ఇక్కడి వాళ్ళు చెప్పుకుంటారు.

నన్నయ రాత్రి దగ్గర ఆపాడు కదా, ఎర్రన తెల్లవారడంతో మొదలుపెట్టాడు. అదే శరత్కాలం. మబ్బులు విడిపోయి, ఎర్రటి ఎండ పాకి, తామరలు విచ్చుకుని, హంసలు కూస్తున్న పొద్దు. ఒకాయన దీపం తగ్గించి పడుకుంటే ఇంకొకాయన లేచి తలుపు తీసినట్టుంటుంది. పైగా ఆ భాగాన్ని తన రాజుకి కాకుండా నన్నయ కాలపు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మీ తాతయ్య ఆ రెండు పద్యాలూ మధ్యలో ఆగకుండా కలిపి చదువుతారు. పండక్కి వచ్చినప్పుడు అడగండి. అడక్కపోయినా చదువుతారనుకోండి.

బొమ్మ దగ్గరే ఎక్కువ ఆలోచించాను. రవివర్మ సరస్వతి మా ఇంట్లో క్యాలెండర్ మీద ఉండేది, ఏడాది పొడుగునా చూసినా ఒక్కసారీ దగ్గరికి పోయి చూడలేదు. తోలుబొమ్మలవాళ్ళు ఊళ్ళోకొస్తే మాత్రం నేను తెర ముందు కూర్చునేదాన్ని కాదు, వెనక్కి పోయేదాన్ని. మేక తోలును గీకి గీకి పల్చగా చేసి, రెండు వైపులా రంగులు వేసి, నగలుండే చోటల్లా సన్నటి చిల్లులు కొడతారు. బొమ్మను చేత్తో పట్టుకుంటే మామూలు తోలుముక్కే. తెరకు ఆనించి వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుతురొచ్చి హారాలు, కిరీటం తళతళలాడతాయి. చేతులు మాత్రం విడి ముక్కలు, దారంతో ముడేసి ఉంటాయి.

ఒకసారి లంకాదహనం ఆట ఇంకాసేపట్లో మొదలవుతుందనగా నేను హనుమంతుడి చెయ్యి పట్టి లాగాను. దారం తెగి చెయ్యి నా చేతిలోకొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. ఆటాయన ఒక్క మాటా అనకుండా దబ్బనం తీసి చెయ్యి కుట్టేసుకున్నాడు. నేను చల్లగా జారుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఆట సగంలో జనాన్ని నవ్వించే బొమ్మ జుట్టుపోలిగాడు తెర మీదకొచ్చి, తన జోడీ బొమ్మ బంగారక్కతో, "ఈ ఊళ్ళో రెండు జడల పిల్ల ఒకతి ఉందంట, ఇంద్రజిత్తు వల్ల కాని పని అది చేసిందంట" అన్నాడు. ఊరంతా నవ్వింది. అమ్మ నా జడల వైపు చూసింది.

అందుకని మూడో గడిలో జుట్టుపోలిగాడు అని రాశాను. మీ టీచరుకి తెలియకపోతే నువ్వే చెప్పు తల్లీ. నాలుగో గడి, "ఎందుకిష్టం" అన్నదానికి, వాళ్ళు అంగుళం చోటే ఇచ్చారు. అక్కడ ఈ ఉత్తరం మడిచి అతికించండి. నానీ, జిగురు నువ్వు పుయ్యి, కానీ అంచులకే. మొన్న గ్రీటింగ్ కార్డుకి పూసినట్టు పూస్తే అక్షరాలన్నీ అలుక్కుపోతాయి.

మీ అమ్మమ్మ