గూడు ఎవరి కోసం?

అల్లూరు,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులైన మనుమడికి, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీ బడిలో ఒకవైపు ప్రాణుల పేర్లు, మరోవైపు వాటి ఇళ్ల పేర్లు ఇచ్చి, పక్షికి గూడు, పాముకు పుట్ట, సింహానికి గుహ, ఎలుకకు కన్నం అని గీతలు గీసి జతపరచమన్నారని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. జతపరచడం మంచి అభ్యాసమే. అయితే ఆ గీతలు గీసిన తరువాత కూడా తెలుసుకోవలసినది చాలా మిగిలి ఉంటుంది. ఒంగోలులో మీ ఇంటి చుట్టూ, ఇక్కడ మా చెరువు కట్ట మీద కనిపించే ప్రాణులనే తీసుకుని, అవి ఎక్కడ తలదాచుకుంటాయో, ఎందుకు అక్కడే తలదాచుకుంటాయో మీకు వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం పొద్దుగూకితే ఇల్లు చేరి పడుకున్నట్లే పక్షులు కూడా రాత్రి కాగానే గూట్లోకి వెళ్లి పడుకుంటాయని మీరు అనుకుంటూ ఉండవచ్చు. చాలా పక్షుల విషయంలో అది నిజం కాదు. సాయంత్రం మీ వీధి చివర చింతచెట్టు మీద కాకులు, గోరువంకలు గుంపుగా చేరి గోల చేయడం మీరు చూసే ఉంటారు. అవి ఆ కొమ్మల మీదనే, ఆకుల చాటున రాత్రి గడుపుతాయి. గూడు పక్షికి పురిటిగది వంటిది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా సాకడానికే దానిని కట్టుకుంటుంది. పిల్లలు ఎగిరిపోగానే చాలా పక్షులకు ఆ గూటితో పని తీరిపోతుంది. ఉడుత అలా కాదు, కొబ్బరి పీచు, దూది, గుడ్డపేలికలు పోగుచేసి కట్టుకున్న గూట్లో తానూ నిద్రపోతుంది.

గూళ్లు కట్టడంలో గిజిగాడికి సాటి వచ్చే పిట్ట మన వైపు మరొకటి లేదని నా అభిప్రాయం. వానల కాలంలో వరిచేల గట్ల మీది ఈతచెట్లకు, తాటిచెట్లకు, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు వేలాడే పొడవైన గూళ్లు దానివే. గూడు కట్టేది మగపిట్ట. అది వరి ఆకు అంచునో తాటాకు అంచునో ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకు ఆకు నిలువునా చీలి సన్నని పొడవాటి పీలిక వస్తుంది. అటువంటి పీలికలను వందలకొద్దీ తెచ్చి, మొదట కొమ్మకు ముడి వేసి, ఒక వలయం అల్లి, ఆ వలయానికి ఒక పక్క గుడ్లు పెట్టే గది కడుతుంది. గూడు సగం అయ్యేసరికి, అంటే బోర్లించిన టోపీ ఆకారానికి వచ్చేసరికి, మగపిట్ట దాని మీద వేలాడుతూ రెక్కలు ఆడించి ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, అల్లిక గట్టిగా ఉన్నదా లేదా, గూడు ఎక్కడ వేలాడుతున్నది అని పరీక్షించి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే ఆగిపోతుంది. మీరు చెట్టుకు చూసే సగం గూళ్లలో చాలావరకు ఇలా నచ్చకపోయినవే. నచ్చిన గూటికి మాత్రం మగపిట్ట కిందికి దిగే గొట్టం వంటి దారిని అల్లి పూర్తి చేస్తుంది. నీటి మీద, సన్నని కొమ్మ చివర, కింది నుంచి మాత్రమే దారి ఉన్న గూట్లోకి దూరడం పాముకైనా, కాకికైనా కష్టం.

గిజిగాడు గూటి లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. ఆ మట్టిలో మిణుగురు పురుగులను గుచ్చి రాత్రిపూట దీపం పెట్టుకుంటుందని మా చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పేవారు. మట్టి అంటించడం నిజమే కాని, దీపం మాత్రం కథ.

దర్జీ పిట్ట ఆకుల అంచులకు ముక్కుతో బెజ్జాలు పొడిచి, సాలెపురుగు దారంతోనూ దూదితోనూ కుట్టి, ఆ ఆకుదొన్నెలో గుడ్లు పెడుతుంది. లకుముకి పిట్ట కాలువ గట్టు మట్టిలో సొరంగం తవ్వుతుంది. చిలుకలు, గుడ్లగూబలు చెట్టు తొర్రలు వెదుక్కుంటాయి. అందుకే ఎండిపోయిన తాటిమానును పనికిరానిదని కొట్టివేసేవారికి అందులో ఎవరైనా కాపురం ఉన్నారేమో చూడమని నేను చెబుతూ ఉంటాను.

ఇక పుట్ట సంగతి. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్లు అనే సామెత మీరు వినే ఉంటారు. నిజానికి మన పొలాల్లో నిలువెత్తు పుట్టలు పెట్టేవి చీమలు కావు, చెదపురుగులు. వాటిలో కూలీ పురుగులకు కళ్లు ఉండవు. అయినా అవి మట్టిని తమ ఉమ్మితో కలిపి ఒక్కొక్క రేణువుగా పేర్చి, ఎండకు రాయిలా గట్టిపడే గోడలు కడతాయి. పుట్ట అడుగున, నేల లోపల రాణి ఉండి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అక్కడే అవి నమిలి తెచ్చిన చెత్త మీద ఒక రకం బూజును తోటలా పెంచి, దానిని ఆహారంగా వాడుకుంటాయి. ఆ బూజుకు వేడి, తేమ సరిగా ఉండాలి. పుట్ట పైభాగం, లోపలి గొట్టాలు, సన్నని రంధ్రాలున్న గోడలు కలిసి లోపలి చెడుగాలి బయటికి పోయి మంచిగాలి లోపలికి వచ్చేలా పనిచేస్తాయి. తొలకరి వాన పడిన సాయంత్రం దీపాల చుట్టూ ముసిరే ఉసుళ్లు ఆ పుట్టల నుంచి రెక్కలతో బయటపడి కొత్త కాపురం పెట్టబోయేవే.

పాముకు మట్టి తవ్వడానికి కాళ్లు లేవు, చేతులు లేవు. అందువల్ల అది ఎలుక తవ్విన కన్నంలోనో, పాడుబడిన పుట్టలోనో, రాళ్ల సందుల్లోనో చేరుతుంది. అక్కడ చల్లదనమూ దొరుకుతుంది, కొన్నిసార్లు ఆ ఎలుకే ఆహారంగానూ దొరుకుతుంది. ఉడుము కూడా పుట్టలో గుడ్లు పెడుతుంది. నాగుల చవితినాడు పూజ చేసేవారు ఉన్నందువల్లనే మన ఊళ్లలో ఎన్నో పుట్టలు గునపం దెబ్బ తగలకుండా నిలిచి ఉన్నాయి. అది మంచి ఆచారమనే నేను భావిస్తాను. సింహం మాత్రం గుహలో కాపురం ఉండదు. గుజరాత్‌లోని గిర్ అడవిలో అది చెట్ల నీడన, పొదల చాటున పడుకుంటుంది.

కొన్ని ప్రాణులకు తినేచోటు ఒకటి, పిల్లలను పెంచేచోటు మరొకటి. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, ఆ తక్కువ లోతు నీళ్లలో మేతకు వస్తాయి. వాటిలో పెద్దరకం గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో, బురదతో కట్టిన చిన్న దిబ్బల మీద. గూడబాతులు అలా కాదు. 2022 వరకు మన జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టు చెరువులో, నీళ్లలోనే నిలిచి పెరిగే చెట్ల మీద అవి గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లు ఉండడం వల్ల శత్రువులు చెట్టు దాకా రావడం కష్టం. 1976లో ఆ చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని తెలిసిన ఆ ఊరి రైతులు అంతకు ముందు నుంచే వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు.

గూడు ఒక్కటే ఉంటే చాలదని మీకు చెప్పడానికి కలివికోడిని మించిన ఉదాహరణ లేదు. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దానిని మొదటిసారి లోకానికి తెలిపాడు. నెల్లూరు, కడప ప్రాంతాల ముళ్లపొదల మధ్య తిరిగే ఆ పిట్ట 1900 తరువాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న తరువాత, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. పగలంతా పొదల కింద నక్కి, రాత్రి మాత్రమే తిరుగుతుంది. దట్టమైన అడవీ దానికి పనికిరాదు, చదునైన పొలమూ పనికిరాదు. అక్కడక్కడ పొదలు, మధ్యలో ఖాళీ నేల ఉండాలి. మనకు బీడుగా కనిపించే ఆ నేలే దానికి ఇల్లు. తెలుగుగంగ కాలువ తవ్వేటప్పుడు ఆ పొదల కోసం కాలువ దారినే మళ్లించారు.

ఈసారి అమ్మానాన్నలతో కొత్తపట్నం సముద్రానికి వెళ్లినప్పుడు తడి ఇసుకకు కొంచెం ఎగువన చూడండి. అలికిడి కాగానే ఎండ్రకాయలు దూరిపోయే గుండ్రని బొరియలు, వాటి ముందు అవి తోడి పోసిన ఇసుక కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి వరకు ఇదే తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుకతో పూడ్చి సముద్రంలోకి వెళ్లిపోతాయి. తల్లి మళ్లీ రాదు. ఇసుక వేడే ఆ గుడ్లను పొదుగుతుంది; ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకి వచ్చి, వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. ఒడ్డున విద్యుద్దీపాలు వెలుగుతుంటే అవి దారి తప్పి రోడ్డు వైపు వస్తాయి. అందువల్ల ఆ నెలల్లో రాత్రిపూట అక్కడ ఉంటే టార్చిలైటు ఆర్పివేయండి. ఇసుక మీద నీటి దగ్గర నుంచి పైకి వచ్చి తిరిగి వెళ్లిన వెడల్పాటి జాడ కనిపిస్తే దానిని తొక్కకుండా, తవ్వకుండా, నాన్న చేత అటవీశాఖ వారికి కబురు చేయించండి. వారు గుడ్లను కుక్కలు, నక్కలు తోడివేయకుండా కంచె వేసిన చోటికి చేర్చి పొదిగిస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య